కొండవైపు కిటికీ

జోగారావు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వేసుకునేవారు. కూర్చుని జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన మనిషి. రిటైరయ్యాక పాత పుస్తకాలేవో పట్టుకుని చదివి, ఆదివారం పొద్దున్న పెదవాల్తేరులో తన వరండాలో పదిమందిని కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పేవారు. ఆ మాటల మీద ఎవరికైనా సందేహం వస్తే మాత్రం "పద, నడుద్దాం" అని లేచేవారు. విశాఖ ఎండలో ఆయన వెనక నడవలేక సందేహాలు మానుకున్నవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. నేనూ అందులో ఒకణ్ణి.

గౌరునాయుడు మాత్రం మానుకోలేదు. అతను తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. తక్కెడ పళ్లెం కింద చింతపండు అంటించినవాళ్లనీ, గుండు అడుగు తొలిచి మైనం నింపినవాళ్లనీ ఇరవై రెండేళ్లు పట్టుకుని పట్టుకుని, లోకంలో ఏ వస్తువునైనా ముందు తిరగేసి అడుగు చూడాలనే నిశ్చయానికి వచ్చాడు. మాస్టారింట్లో కాఫీ ఇచ్చినా గ్లాసు ఎత్తి కింద ఒకసారి చూసేవాడు. చెడ్డవాడు కాదు, లంచం ముట్టినవాడూ కాదు. అతనితో పాటు బజారుకు వెళ్లడమే కష్టం.

ఆ ఆదివారం అందరూ లేచిపోయాక అతను ఉండిపోయి అడిగాడు. "మాస్టారూ, మంచి వస్తువు చవగ్గా దొరికితే దాన్ని నమ్మాలా, అనుమానించాలా?"

అడగడానికి కారణం ఉంది. ఎనిమిది నెలల క్రితం అతని భార్య నూకరత్నం స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేశారు, ఎముక అతుక్కుంది, ఇక నడవాలన్నాడు డాక్టరు. ఆవిడ నడవలేదు. వాళ్లుండేది కింది వాటా. మంచం పక్కన కిటికీ తెరిస్తే ఒక గోడౌను గోడ. "లేచి ఎక్కడికి నడవమంటారు, ఈ గోడ దాకానా?" అందట ఒకరోజు, అటు తిరిగి పడుకునే. నోరు మూస్తే మూర్ఛపోతుందేమో అని మేము వేళాకోళం చేసేంత మాటకారి, ఇప్పుడు రోజుకు పది మాటలు ఆడడం లేదు. అన్నం రెండు ముద్దలకు దిగింది. మొగుణ్ణి ఒక్కటే అడిగింది, కిటికీలోంచి కదిలేది ఏదైనా కనపడే ఇల్లు చూడమని. డాక్టరు చివరిసారి చూసి, ఇలాగే ఇంకొన్నాళ్లు పడుకుంటే ఆ కాలు ఇక లేవదని కూడా చెప్పేశాడు.

నాయుడు నాలుగు నెలలుగా వెతుకుతున్నాడు. ఒకపక్క కొండలు, ఒకపక్క సముద్రం ఉన్న ఊళ్లో కనపడేదానికి కొదవ లేదు కానీ, దాన్ని చూడాలంటే జీతం చాలదు. ఇక్కడి బ్రోకర్లు సముద్రాన్ని బెత్తెల లెక్కన అద్దెకిస్తారు. ఒకడు సముద్రం కనపడుతుందని తీసుకెళ్లి, బాత్రూములో స్టూలెక్కించి చూపించాడట. అలాంటిది ఇప్పుడు ఎర్రమెట్ట కొండవాలులో మూడో అంతస్తు ఫ్లాటు ఒకటి ఉందని ఎవరో చెప్పారు. ముందు సముద్రం, వెనక కొండ. అద్దె ఆ వీధిలో అందరూ తీసుకునేదాంట్లో సగం.

"ఏదో ఉంది మాస్టారూ. ఉండకుండా సగానికి ఎవరిస్తారు? అది ఏమిటో తెలియకుండా ఆవిణ్ణి మంచంతో సహా అక్కడికి ఎలా ఎక్కించను?"

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. గొడుగు నాదే కాబట్టి నేనూ బయల్దేరాల్సి వచ్చింది.

ఎర్రమెట్ట మలుపులో బస్సు దిగేసరికి తొమ్మిదిన్నర. మలుపులో సిమెంటు దిమ్మ మీద ఒక వీధి కొళాయి, చుక్క నీరు లేకుండా ఎండి ఉంది. దాని పక్క బడ్డీకొట్టులో నాయుడు సోడా తాగుతున్నట్టు నటించి, పైనున్న మూడో అంతస్తు ఎలాంటిదని అడిగాడు. కొట్టువాడు అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు.

"మీరు తీసుకుంటారేటి? పొద్దున్నపూట ఇంట్లో ఎవరుంతారు?"

నాయుడు నా వైపు చూశాడు. నాలుగు అడుగులు వేశాక ఇస్త్రీబండి దగ్గర ఒకావిణ్ణి అడిగితే, ఆవిడ ఇల్లు బంగారంలా ఉంటుందని చెప్పి, ఊరుకోకుండా, "మీరు ఆఫీసుకెల్లిపోతే పొద్దున్న ఇంటికాడ ఎవరుంతారు బాబూ?" అంది. నాకే అనుమానం వచ్చింది. నాయుడు అయితే అక్కడే నిలబడిపోయాడు. పొద్దున్నపూట ఇంట్లో ఎవరూ ఉండరని తెలుసుకుని తలుపులు పగలగొట్టే ముఠా ఇదంతా అని, ఇల్లు అద్దెకిచ్చే ఆవిడ కూడా వాళ్లలో మనిషేనని గొంతు తగ్గించి చెప్పాడు. మాస్టారు వింటూ ఎక్కుతూనే ఉన్నారు.

ఇంటావిడ పేరు ఈశ్వరమ్మ. అరవై దాటిన మనిషి, కింది అంతస్తులో ఒక్కతే ఉంటుంది. మోకాళ్లు పట్టేసి, ఒక చేత్తో గోడ పట్టుకుని నడుస్తోంది. బిల్డింగుకు లిఫ్టు లేదని, ఎండాకాలం పైన వేడిగా ఉంటుందని, లోపాలన్నీ తనే ముందు చెప్పేసింది. ఇలా తనంతట తను చెప్పేవాళ్ల దగ్గరే జాగ్రత్తగా ఉండాలని నాయుడు నా చెవిలో అన్నాడు. ఆవిడ తాళం చేతికిచ్చి, మెట్ల మీద కూర్చుంటూ అడిగింది.

"మీ ఇంటోళ్లు పొద్దున్న ఎన్నింటికి లేస్తారు బాబూ? పదకొండు దాకా ఇంట్లోనే ఉంతారా?"

అంతే, నాయుడికి ముఠా సంగతి రూఢి అయిపోయింది. అయినా ఎక్కాడు.

ఇల్లు చూస్తే నాకు అసూయ పుట్టింది, దాచుకోను. హాలు ముందు బాల్కనీ, బాల్కనీ కింద మలుపూ కొళాయీ బస్సులూ, వాటి అవతల రెండు కొండల సందున సముద్రం. హార్బరులోకి పిలుపు కోసం ఆగిన ఓడలు నాలుగు. మాస్టారు వెళ్లి బాల్కనీలో నిలబడ్డారు. హాలుకు రెండో కొసన కొండవైపు కిటికీ. దాన్ని తెరిస్తే ఎదురుగా రెండు వందల మెట్లు, మెట్లకు రెండు వైపులా రేకుల ఇళ్లు, రాతి అరుగులు. మేము కిటికీ తెరవగానే అరుగుల మీది ఆడవాళ్లందరూ తలెత్తి మా వైపు చూశారు. పప్పు చెరుగుతున్న ఆవిడ చాట ఆపింది. తల దువ్వుకుంటున్న ఆవిడ దువ్వెన జుట్టులోనే వదిలేసింది. వాళ్లు నవ్వలేదు, పలకరించలేదు, చూస్తూ ఉన్నారు.

"చూశారా?" అన్నాడు నాయుడు.

ఇక అతను పనిలో పడ్డాడు. కొళాయిలు తిప్పాడు, స్విచ్చులు వేశాడు, నేల మీద గోలీ దొర్లించి వాటం చూశాడు. జేబులోంచి టేపు తీసి హాలు కొలిచాడు. బాల్కనీ నుంచి వెనక కిటికీకి పదకొండు అడుగులట. ఏ లోపమూ దొరకని కొద్దీ అతనికి కోపం పెరుగుతోంది. అప్పుడు కనపడింది, కొండవైపు కిటికీ పక్కన మేకుకు మడతపెట్టి తగిలించిన ఎర్ర గుడ్డ. దుప్పటంత ఉంది. ఖాళీ చేసి, కడిగి, ముగ్గు కూడా పెట్టిన ఇంట్లో వస్తువన్నది అదొక్కటే.

మేకుకు తగిలించిన గుడ్డ గోడను కప్పుతుంది కాబట్టి గోడలో ఏదో ఉందని నాయుడు తేల్చాడు. చెమ్మో, పగులో, ఇంకా ఏమైనా రాతలో గీతలో. గుడ్డ తీశాడు. గోడ తట్టి చూడాలంటే రెండు చేతులూ కావాలి గదా, గుడ్డను కిటికీ ఊచల మీద వేశాడు. సగం లోపల, సగం బయట వేలాడింది. నేను పక్కనే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను. అతను టార్చి వెలిగించి, వేళ్లతో గోడంతా తట్టి, చెవి ఆనించి విన్నాడు. గోడ శుభ్రంగా ఉంది.

"ఏమీ లేదు" అన్నాడు. అంత నిరాశగా ఆ మాట అన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

బయట చప్పుడు మొదలైంది. ముందు ఒక బిందె మోత, తరవాత పది, తరవాత లెక్కలేదు. రెండు వందల మెట్ల మీంచి ఆడవాళ్లు బిందెలూ ప్లాస్టిక్ డబ్బాలూ పట్టుకుని దిగుతున్నారు. పప్పు చెరిగే ఆవిడ, జుట్టు విరబోసుకున్న ఆవిడ, వెనక ఒకామె నిండు కడుపుతో. మేము బాల్కనీలోకి వెళ్లేసరికి, బిల్డింగు పక్క సందులోంచి దూసుకుపోయి మలుపులో కొళాయి చుట్టూ మూగారు. ఎవరో తిప్పారు. కొళాయి ఒకసారి బుస్సుమంది, అంతే. నిండు కడుపామె దిమ్మ అంచున కూర్చుని ఊపిరి కోసం నోరు తెరిచింది. అరవై బిందెలు ఖాళీగా ఉన్నాయి. వాళ్లు ఒకరి తరవాత ఒకరు తిరిగి, తలెత్తి మా బాల్కనీ వైపు చూశారు.

"ఎవులేసారు గుడ్డ?" అంది ముందున్న ఆవిడ. ఆమె పేరు పోలమ్మ అని తరవాత తెలిసింది.

ఈశ్వరమ్మ ఆ మోకాళ్లతో మూడంతస్తులూ ఎక్కి వచ్చింది. ఊచల మీది గుడ్డ చూసింది, లోపలికి లాగి, మడతపెట్టి, మేకుకు తగిలించింది. అప్పుడు చెప్పింది. ఈ బిల్డింగు కట్టకముందు కొండమీది వాళ్లకు మలుపులో కొళాయి కనపడేదట. నీళ్లు రోజుకొకసారి, ముప్పావుగంట వస్తాయి. ఏ వేళకొస్తాయో తెలియదు, తెల్లారిన దగ్గర్నుంచి పదకొండు లోపల ఎప్పుడైనా. వస్తే పైనుంచి చూసి దిగేవాళ్లు. బిల్డింగు లేచాక కొళాయి కనపడలేదు. పనులు మానుకుని కొళాయి దగ్గరే కూర్చోవాల్సి వచ్చింది. ఈవిడ భర్త బతికున్న రోజుల్లో వాళ్లకు మాటిచ్చాడు. తన గోడ ఉన్నంతకాలం పై అంతస్తులో ఉండేవాళ్లు ఇటు కొళాయి చూసి అటు గుడ్డ వేస్తారని. ఆ పని కోసమే అద్దె సగం.

"ఫోన్లున్నాయి కదమ్మా" అన్నాడు నాయుడు.

"ఉన్నాయి. ఫోను చేస్తే ఒకరికి ముందు తెలుస్తాది, ఒకరికి వెనక. దెబ్బలాటలైపోయాయి. గుడ్డయితే అందరికీ ఒక్కసారే కనపడతాది."

"ఆ సంగతి ముందే చెప్పొచ్చు కదా?"

"ముందు చెప్పీదాన్నే బాబూ. టైలరు దంపతులు పదకొండేళ్లు ఏసారు. వాళ్లు ఎల్లిపోయాక ఇద్దరికి ఇచ్చాను. సరే సరే అని చేరారు, రెండు నెల్లు గుడ్డేసి, తరవాత తలుపులేసుకుని పడుకున్నారు. నెలన్నర్నుంచి నానే ఎక్కుతున్నాను. ఇంక చెప్పడం మానేసాను. మేకుకి తగిలించి ఊరుకుంటాను. ఇదేటమ్మా అని అడిగినోళ్లకే చెప్తాను." తాళం కోసం చెయ్యి చాపింది. "మీకు ఇల్లు ఇవ్వలేను. ఏటనుకోకండి. మీరు గుడ్డ చూసి ఇదేటని అడగలేదు, దాని ఎనక ఏటుందో చూసారు."

నాయుడు తాళం ఇచ్చేశాడు. అతని ముఖం చూస్తే జాలేసింది. ఆ గోడౌను గోడ, అటు తిరిగి పడుకున్న మనిషి, నాలుగు నెలల వెతుకులాట అన్నీ అందులో కనపడ్డాయి. తప్పు చేశానని అన్నాడు.

ఆడవాళ్లు ఖాళీ బిందెలతో మెట్లెక్కిపోయారు. వాళ్లు ఇళ్లు చేరారో లేదో, బాల్కనీలో మాస్టారు "వచ్చాయి" అన్నారు. కొళాయిలోంచి నిజంగానే నీళ్లు, తిప్పి వదిలేసి వెళ్లిన కొళాయి కాబట్టి ధారగా రోడ్డు మీదికి. ఈశ్వరమ్మ గోడ పట్టుకునే గబగబా పోయి గుడ్డ తీసి కిటికీ బయట పరిచింది. దులిపింది కూడా. కొండ కదల్లేదు. ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని చూస్తున్నారు. పోలమ్మ మెట్ల మీద నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. ఈశ్వరమ్మ కేక వేసింది, చెయ్యి ఊపింది. "వచ్చీసాం ఒకపాలి" అని పైనుంచి జవాబు.

నీళ్లు పోతున్నాయి. ముప్పావుగంటలో అయిదు నిమిషాలు పోయాయి, పది పోయాయి. ఇన్నేళ్లలో గుడ్డను కొండ నమ్మకపోవడం ఇదే మొదలని ఈశ్వరమ్మ అంది, అని కొంగుతో కళ్లొత్తుకుంది. మాస్టారు నాయుడి వైపు చూశారు.

"బిందె ఎత్తుకో" అన్నారు.

ఈశ్వరమ్మ ఇంట్లోని ఇత్తడి బిందె. నాయుడు మలుపుకు దిగి, నింపి, భుజాన పెట్టుకుని మెట్లెక్కాడు. యాభై దాటిన మనిషి, రోజంతా కుర్చీలోనో జీపులోనో ఉండేవాడు. ఎనభయ్యో మెట్టు దగ్గర చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎవరూ ఎదురు రాలేదు. పోలమ్మ ముందు బిందె దించాడు. ఆమె వంగి, బిందె ఒకపక్కకు వంచి చూసింది, చెయ్యి లోపల ముంచి చూసింది. అడుగు దాకా నీళ్లే అని రూఢి చేసుకుంది. ఆ పని అతను జన్మలో ఎన్నిసార్లు చేశాడో నాకు తెలుసు, అతనికీ తెలుసు. అప్పుడు ఆమె వెనక్కి తిరిగి కేకేసింది. వాళ్లు దిగేసరికి సగానికి పైగా నీళ్లు పోయాయి. ఆ పూట కొండమీద ఇంటికొక్క బిందె.

కిందికి వచ్చాక ఈశ్వరమ్మ అతని ఒళ్లు చూసి మంచినీళ్లిచ్చింది. మాస్టారు ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చుని, ఇల్లు ఇతనికి ఇవ్వొద్దని, ఇతని భార్య ఎనిమిది నెలలుగా తెల్లారి నాలుగింటి నుంచి మెలకువగా ఉండి గోడను చూస్తోందని చెప్పారు. ఈశ్వరమ్మ చాలాసేపు తాళాన్ని వేళ్ల మధ్య తిప్పింది.

"ఆయమ్మకైతే ఇస్తాను" అంది.

నూకరత్నాన్ని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసి మూడంతస్తులూ ఎక్కించాం. రెండు వారాలకు నేను చూడబోతే బాల్కనీలో కూర్చుని ఓడలకు పేర్లు పెడుతోంది. కొళాయి బుస్సుమనగానే మాట మధ్యలో ఆపి, వాకరు పట్టుకుని లేచింది. నేను చెయ్యి అందించబోతే, "మీరడ్డం తప్పుకోండి, నీళ్లు పోతాయి" అని కసిరింది. హాలు దాటి కొండవైపు కిటికీకి నడిచి గుడ్డ వేసింది. పదకొండు అడుగులకు మూడు నిమిషాలు పట్టింది. వంటింట్లోంచి నాయుడు బిందెతో బయటికి వచ్చి, నన్ను పలకరించకుండానే మెట్లు దిగిపోయాడు.

ఎందుకంటే కొండ ఇంకా నమ్మలేదు. రోజూ గుడ్డ పడుతుంది, రోజూ పోలమ్మ మెట్ల మీద నిలబడుతుంది. నాయుడు మొదటి బిందె మోసుకెళ్లి దించాలి, ఆమె వంచి చెయ్యి పెట్టి చూడాలి, అప్పుడే మిగతావాళ్లు లేస్తారు. నీళ్లొచ్చేదాకా కదలడానికి లేదు కాబట్టి రోజూ పూట సెలవు పెడుతున్నాడు. సెలవులు అయిపోతున్నాయి. భుజం మీద ఎర్రగా దద్దు లేచింది. వాళ్లు అన్యాయం చేస్తున్నారని అతనికి గట్టిగా అనిపించింది. ఒక్కసారి, అదీ తెలియక చేసిన దానికి, ఇన్నాళ్లా?

ఆ తరవాతి ఆదివారం నీళ్లు తెల్లారగానే వచ్చేశాయి కాబట్టి అతను వచ్చి, అందరూ లేచిపోయాక మళ్లీ ఉండిపోయాడు. గొడుగు ఇంట్లో వదిలి వచ్చినందుకు నేను లోపల సంతోషించాను.

"మాస్టారూ, గుడ్డ వేసేది నా భార్య. ఆవిడ ఒక్కనాడూ తప్పు వెయ్యలేదు. ఇరవై రోజులుగా బిందెలో నీళ్లు చూపిస్తూనే ఉన్నాను. ఇంకా ఎన్నాళ్లు మొయ్యాలి?"

మాస్టారు చెప్పుల వైపు చూశారు కానీ వేసుకోలేదు. ఆయన కూర్చుని జవాబు చెప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"నువ్వైతే ఎన్నాళ్లకు నమ్ముదువు, నాయుడూ?"